ఎర్రర్ నాణేల పాఠం – 4: బ్రాకేజా, బెంచి వైసా?

పోయిన పాఠంలో టంకశాల ప్రెస్సు ఎలా పనిచేస్తుందో చెప్పి, ఎర్రర్ నాణేలేమో, అంటే టంకశాలలోనే తప్పు పడ్డవేమో అని అనుమానం ఉన్నవాటిని ఫొటో తీసి పంపమన్నాను. వచ్చినవాటిలో ఎక్కువ భాగం ఒకటే ప్రశ్న: "ఇది బ్రాకేజేనా మాస్టారూ?" బ్రాకేజ్ అంటే అచ్చుకు అతుక్కుపోయిన నాణెం తగిలి తర్వాతి బిళ్ళ మీద పడే తప్పు ముద్ర. వచ్చినవాటిలో దాదాపు ఏదీ అది కాదు. ఒకాయన బ్రాకేజ్ అని నమ్మి, అది కాని రూపాయి నాణేన్ని ఎనిమిది వందలు పోసి కొన్నారు. అది చూశాక మనసు పాడైంది. అందుకే క్లిప్పుల (అంచు తెగిన నాణేల) పాఠం వచ్చే వారానికి జరిపి, ఈ ఒక్క మోసాన్నే మొదటినుంచీ విప్పి చెబుతాను.

సింహాల వైపు బొమ్మ, అంకె వైపు బొరుసు అనుకుందాం. ప్రెస్సులో రెండు అచ్చులు, మధ్యలో ఖాళీ బిళ్ళ. ముద్ర పడిన నాణెం ఒక్కోసారి బయటికి రాకుండా ఒక అచ్చుకే అతుక్కుపోతుంది. అది బొరుసు అచ్చుకు అతుక్కుందనుకోండి. దాని బొరుసు ఆ అచ్చులోనే ఉండిపోతుంది, బొమ్మ మాత్రం బయటికి ఉంటుంది. తర్వాత వచ్చిన బిళ్ళకు ఒక పక్క మామూలు అచ్చు తగిలి బొమ్మ ఉబ్బెత్తుగా పడుతుంది. రెండో పక్క అతుక్కున్న నాణెం తగిలి అక్కడా బొమ్మే పడుతుంది, కాకపోతే గుంటగా, కుడి ఎడమలు తారుమారై. బొరుసు అచ్చు ఆ బిళ్ళను తాకనే తాకదు. బ్రాకేజ్ అంటే ఇదే, వ్యాపారులు లఖీ అని పిలిచేదీ ఈ నాణేన్నే.

ఇప్పుడు ఆ ఎనిమిది వందల రూపాయి చూడండి. అంకె వైపు ‘ఇండియా’ అక్షరాలు తిరగబడి గుంటగా ఉన్నాయి, నిజమే. కానీ వాటి కిందే రూపాయి గుర్తు, 1 అంకె నలిగిపోయి కనిపిస్తున్నాయి. బొరుసు అచ్చు తాకని బిళ్ళ మీదికి ఆ అంకె ఎక్కడినుంచి వచ్చింది? ముందు టంకశాలలో మామూలుగా తయారై, తర్వాత బయట ఇంకో నాణెంతో కలిపి, ఇనుప దవడల మధ్య పట్టి బిగించే బెంచి వైస్‌లో పెట్టి బిగించారన్నమాట. ఏ లేత్ షాపులోనైనా అర నిమిషం పని.

కాబట్టి గుంట అక్షరాలు చూసి ఆగిపోకండి. ఆ గుంటల కింద ఆ వైపు అసలు డిజైన్ ఆనవాలు ఉందేమో వెతకండి. ఒకే చోట ఒకదాని మీద ఒకటి ఉంటే వైస్ పనే అనుకోండి. పక్కపక్కన ఉంటే మాత్రం తొందరపడి తీసేయకండి. అతుక్కున్న నాణెం కాస్త పక్కకు జరిగి ఉంటే బిళ్ళలో కొంత భాగం గుంటగా, మిగతా భాగం మామూలుగా పడుతుంది. దాన్ని పాక్షిక బ్రాకేజ్ అంటారు, అది అసలుదే. ముద్ర పడిన నాణెమే మళ్ళీ ప్రెస్సులో పడి, రెండు డిజైన్లు ఒకదాని మీద ఒకటి వచ్చిన సందర్భాలు కూడా లేకపోలేదు. అలాంటిదని చెప్పి ఎవరైనా అమ్మజూపితే నేనైతే కొనను. మొదటి ఏడాది మీరూ కొనొద్దు.

"అక్షరాలు మసకగా ఉన్నాయి కాబట్టి నకిలీయేనా?" అని ఒకమ్మాయి అడిగింది. మసకతనం రుజువు కాదమ్మా. అతుక్కున్న నాణెం మీద దెబ్బలు పడేకొద్దీ దాని ముఖం సాగి వెడల్పవుతుంది. మొదటి బిళ్ళ మీద గుంట స్పష్టంగా పడుతుంది, తర్వాతి వాటి మీద పెద్దదై చెదిరిపోతుంది. వైస్ నాణెంలో వేరే జాడ ఉంటుంది. గుంట ఒక పక్క లోతుగా, ఇంకో పక్క పైపైన ఉంటుంది. వెనకవైపు సింహాల తలలు నొక్కుకుపోయి మెరుస్తుంటాయి.

మిగతా ఫొటోల సంగతి త్వరగా చెప్పేస్తాను. విశాఖ ఆర్కే బీచ్ ఇసుకలో దొరికిన ఐదు రూపాయల నాణెం ముద్ర సరిగా పడనిది కాదు, ఉప్పునీరు తిన్నది. లోహం మీద సన్నటి గుంతలు చూడండి. వాల్తేరు రైలు పట్టాల మీద నలిగిన రూపాయి కూడా ఎర్రర్ కాదు. దయచేసి పిల్లల్ని ఆ పనికి పంపకండి. ప్రాణాపాయం, పైగా నాణేలను ధ్వంసం చేయడం 2011 నాణేల చట్టం ప్రకారం నేరం.

మధ్య బిళ్ళ తిరిగిపోయిన పది రూపాయల నాణేల ఫొటోలు ముగ్గురు పంపారు. వలయం, మధ్య బిళ్ళ రెండింటి మీదా ఒకే అచ్చు ఒకేసారి పడుతుంది. అందుకే వలయం మీది డిజైన్‌తో పోలిస్తే మధ్యలోది వంకరగా ఉండటం టంకశాలలో జరగదు. ఎవరో పీకి మళ్ళీ బిగించారు.

బరువు కూడా చూడండి. 1992 తరహా స్టీలు రూపాయి 4.85 గ్రాములు, 25 మిల్లీమీటర్లు. అప్పటి స్టీలు యాభై పైసలు 3.79 గ్రాములు, 22 మిల్లీమీటర్లు. రూపాయి ముద్ర యాభై పైసల బిళ్ళ మీద పడిందని ఎవరైనా అంటే ముందు తూకం వేయించండి. కురుపాం మార్కెట్‌లో తెలిసిన బంగారం కొట్టువాళ్ళను అడిగితే తూచి ఇస్తారు. అంచు అరగదీసినా బరువు తగ్గుతుంది కాబట్టి తూకం ఒక్కటే చూసి తేల్చకండి.

ఫొటో తీసేటప్పుడు రెండు వైపులా తీయండి, దీపం పక్కనుంచి పెట్టండి, అది ఏ పక్క ఉందో రాయండి. లేకపోతే గుంట ఉబ్బెత్తుగా కనిపించి నన్నూ తికమక పెడుతుంది. నాకు మాత్రం ఫోన్ జూమ్ కంటే పదింతల భూతద్దం మీదే నమ్మకం. చింతపండుతో తోమిన నాణెం దయచేసి పంపకండి. తోమితే సాక్ష్యం పోతుంది.

అభ్యాసం: పిల్లల క్లే తీసుకోండి. ఒక ముద్ద మీద నాణెం బొమ్మ వైపు ఒక్కసారి నొక్కి చూడండి. ఇంకో ముద్ద మీద ముందు బొరుసు వైపు, దాని మీదే బొమ్మ వైపు నొక్కండి. రెండింటికీ తేడా కళ్ళకు పట్టేదాకా మళ్ళీ మళ్ళీ చేయండి. తర్వాత నాణెం చూడకుండా రూపాయి, రెండు, ఐదు రూపాయలకు బ్రాకేజ్ చిత్రాలు గీయండి. బొమ్మ అచ్చుకు అతుక్కుంటే ఒకటి, బొరుసు అచ్చుకు అతుక్కుంటే ఇంకొకటి, ప్రతిదానికీ రెండు వైపులా. మొత్తం పన్నెండు చిత్రాలు. కష్టమే, అయినా వదిలిపెట్టకండి.

అవి గీశాక ఈ ప్రశ్నకు జవాబు రాసి పంపండి. 2011 తరహా రూపాయి మీద సంవత్సరం, దాని కింద హైదరాబాద్ టంకశాల నక్షత్రం గుర్తు అంకె వైపే ఉంటాయి. రెండు పక్కలా సింహాలే ఉన్న పూర్తి బ్రాకేజ్ ఒకటి చూపించి, "ఇది 2013 హైదరాబాద్‌ది" అని అమ్మేవాడు చెబితే, ఆ మాట అతనికి ఎలా తెలిసి ఉంటుంది?