మృగశిరలో తీగ విత్తనాలు పెట్టేముందు జాగ్రత్తలు

జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తె మొదలవుతుంది. నల్లగొండ, పాలమూరు పెరళ్లలో బీర, సొర, కాకర పెట్టేది అప్పుడే. ఒక్క వాన పడగానే మాత్రం తొందరపడొద్దు.

- ముందు మట్టి తవ్వి చూడండి. జానెడు లోతు దాకా తడి దిగి ఉండాలి. పైపైన తడిసిన మట్టిలో గింజ మొలుస్తుంది కానీ, వాన ముఖం చాటేస్తే మొలక మాడిపోతుంది. మన దగ్గర తొలి వానకూ మలి వానకూ మధ్య పది పదిహేను రోజుల ఎడం రావడం మామూలే.

- గుంత అడుగున్నర లోతు, అంతే వెడల్పు. బాగా మాగిన పశువుల ఎరువు ఒక తట్ట, వేప పిండి పావు కిలో మట్టిలో కలపండి. పచ్చి పెంట వేస్తే చెదలు పడతాయి. ఎర్ర చెలకల్లో ఈ బెడద మరీ ఎక్కువ.

- నల్లరేగడి అయితే గుంత పూడ్చి, పైన జానెడు ఎత్తు దిబ్బ చేసి పెట్టండి. నీళ్లు నిలిస్తే వేర్లకు గాలి ఆడక కుళ్లుతాయి.

- కాకర గింజ పెంకు మందం. రాత్రంతా నానబెట్టాలి.

- పందిరి గుంజలు ముందే పాతండి, తర్వాత తవ్వితే వేర్లు తెగుతాయి.

- ఉరుము వినబడితే గడ్డపార వదిలేసి ఇంట్లోకి వెళ్లండి. చెట్టు కిందికి అసలే పోవద్దు.