మైక్రోవేవ్ ఓవెన్ మొరాయించింది: రిపేరా, కొత్తదా?

ఓవెన్ పాడైందనగానే ఇంట్లో అందరూ కొని ఎన్నేళ్లయిందో లెక్కపెడతారు. ఏడేళ్లు దాటితే ఇక దండగ, కొత్తది కొనేద్దాం అనేస్తారు. వయసును బట్టి ఈ లెక్క తేల్చకూడదు, పోయిన భాగాన్ని బట్టి తేల్చాలి. పదేళ్ల ఓవెన్‌లో వంద రూపాయల స్విచ్ పోయి ఉండొచ్చు. మూడేళ్ల ఓవెన్‌లో లోపలి డబ్బా తుప్పు పట్టి చిల్లు పడి ఉండొచ్చు. మొదటిది బాగుచేయించుకోవాలి, రెండోది తీసేయాలి.

ఒక్క మాట ముందే చెబుతున్నాను. ఓవెన్ పైమూత మీరు విప్పకండి. ప్లగ్ పీకేసినా లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు, అక్కడ నడిచేది 2,000 వోల్టుల పైమాట. ఇక్కడ మిమ్మల్ని చూడమని చెప్పేవన్నీ మూత విప్పకుండా చూసేవే. విప్పాల్సిన చోట మెకానిక్ విప్పుతాడు, అతన్ని ఏం చూడమనాలో మీకు తెలిస్తే చాలు.

అసలు ఆన్ కావడం లేదు

ముందు సాకెట్ చూడండి. నూటికి తొంభై మంది "చూశామండీ, కరెంటు వస్తోంది" అంటారు. ఎలా చూశారంటే ఫోన్ ఛార్జర్ పెట్టి చూశామంటారు. ఛార్జర్ లాగేది పది, ఇరవై వాట్లు. మామూలు 20 లీటర్ల ఓవెన్ 1,200 వాట్ల దాకా లాగుతుంది, వేడిగాలితో బేకింగ్ కూడా చేసే కన్వెక్షన్ ఓవెన్ 2,000 దాటుతుంది. సాకెట్‌లో పిన్నును పట్టుకునే లోహపు పట్టీ వదులైనా, లోపల వైరు సగం కాలినా ఛార్జర్ హాయిగా పనిచేస్తుంది, ఓవెన్‌కి మాత్రం కరెంటు చాలదు. ఆ సాకెట్లో ఇస్త్రీ పెట్టె పెట్టి ఐదు నిమిషాలు చూడండి. అది బాగా వేడెక్కితేనే సాకెట్ బాగున్నట్టు.

అలాగే ఓవెన్ ప్లగ్ పిన్నులను వెలుతురులో పట్టి చూడండి. ఇత్తడి రంగు పోయి గోధుమ రంగో నలుపో తిరిగి ఉంటే, పిన్ను మొదట్లో ప్లాస్టిక్ కాస్త మెత్తబడి వంగి ఉంటే, సమస్య గోడలోనే ఉంది. 16 ఆంపుల ప్లగ్‌ని కన్వర్షన్ ప్లగ్‌తో 6 ఆంపుల సాకెట్లో దూర్చిన ప్రతి ఇంట్లోనూ ఇది ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద నడిపేవాళ్లకీ ఇదే మాట. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సాకెట్, ప్లగ్ టాప్ రెండూ మార్పించండి. ఓవెన్ జోలికి పోనక్కర్లేదు.

సాకెట్ బాగుంది, అయినా ఓవెన్ చలనం లేకుండా ఉంది. లేదా ఒకరోజు వస్తుంది, ఒకరోజు రాదు

ఇక్కడే జనం ఎక్కువగా మోసపోతారు, మెకానిక్‌లు కూడా పొరబడతారు. అనుమానించాల్సింది తలుపును.

తలుపు అంచున పైన ఒకటి, కింద ఒకటి ప్లాస్టిక్ కొక్కేలు కనిపిస్తాయి. తలుపు వేసినప్పుడు అవి ఎదురుగా ఉన్న కన్నాల్లోకి వెళ్లి, లోపలున్న చిన్న చిన్న మైక్రోస్విచ్‌లను నొక్కుతాయి. సాధారణంగా ఇవి మూడు ఉంటాయి. రెండు స్విచ్‌లు తలుపు మూసి ఉంటేనే కరెంటును లోపలికి పంపుతాయి. మూడోది కాపలా స్విచ్, దాన్ని మానిటర్ స్విచ్ అంటారు. కరెంటును ఆపాల్సిన స్విచ్ అతుక్కుపోయి, తలుపు తీసినా ఆపకపోతే, ఈ మూడోది కావాలనే షార్ట్ చేసి ఫ్యూజును కాల్చేస్తుంది. తలుపు తెరిచి ఉండగా మైక్రోవేవ్ తరంగాలు బయటికి రాకుండా కంపెనీవాళ్లు పెట్టిన ఏర్పాటు అది. ఫ్యూజు పోయిందంటే ఆ ఏర్పాటు తన పని తాను చేసి ఉండొచ్చు.

ఇప్పుడు మామూలుగా జరిగే కథ చూడండి. ఓవెన్ ఆగిపోయింది. మెకానిక్ వచ్చి, ఫ్యూజు పోయిందని మార్చాడు. ఓవెన్ నడిచింది, డబ్బులు తీసుకుని వెళ్లాడు. కొన్నాళ్లకు మళ్లీ ఆగింది, మళ్లీ ఫ్యూజు. మూడోసారికి "బోర్డు పోయిందండీ, నాలుగు వేలవుతుంది, దానికన్నా కొత్తది నయం" అన్నాడు. ఇల్లుగలావిడ కొత్తది కొనేసింది, పాతది పాత సామాన్లవాడికి వేసేసింది. అలా నా దగ్గరికి వచ్చిన ఓవెన్లు విప్పి చూస్తే బోర్డు శుభ్రంగా ఉంటుంది. తలుపు పక్కన మైక్రోస్విచ్ ఒకటి నల్లగా కాలి, లోపల కరెంటు కలిసే లోహపు చుక్క కరిగి అతుక్కుని ఉంటుంది. ఎంత బాధగా ఉంటుందో చెప్పలేను.

కాబట్టి మెకానిక్‌కి మీరు చెప్పాల్సిన ముఖ్యమైన సంగతి ఒకటుంది: ఓవెన్ సరిగ్గా ఏ క్షణంలో ఆగింది? "పాలు వేడిచేశాక తలుపు తీశానండీ, అప్పుడే టప్పుమని లైటు ఆరిపోయింది" అంటే దాదాపు తేలిపోయినట్టే. తలుపు తీసేటప్పుడో, వేసేటప్పుడో ఫ్యూజు పోయిందంటే ముందు స్విచ్‌లు చూడాలి, బోర్డు తర్వాత. వంట మధ్యలో గుయ్‌మని పెద్ద శబ్దం వచ్చి పోయిందంటే అది వేరే దారి, కింద చెబుతాను.

తలుపు స్విచ్‌లు పాడవుతున్నాయనడానికి ఇంకా గుర్తులున్నాయి. డిస్‌ప్లే వెలుగుతుంది కానీ స్టార్ట్ నొక్కితే కదలదు, తలుపును అరచేత్తో లోపలికి అదిమితే మాత్రం మొదలవుతుంది. తలుపు వేసినా లోపలి లైటు ఆరదు. తలుపు తెరిచి ఉండగానే గాజు ప్లేటు తిరుగుతుంది. ఈ చివరిది కనబడితే వెంటనే ప్లగ్ పీకేయండి, మెకానిక్ చూసేదాకా మళ్లీ పెట్టకండి. (స్టార్ట్ కాకపోతే ముందు చైల్డ్ లాక్ పడిందేమో చూసుకోండి. క్యాన్సిల్ బటన్‌ని మూడు, నాలుగు సెకన్లు నొక్కి పట్టుకుంటే చాలా మోడళ్లలో లాక్ పోతుంది.)

ఈ స్విచ్‌లు ఎందుకు పోతాయంటే, ఓవెన్ తిరుగుతుండగానే తలుపు లాగేసే అలవాటు వల్ల. అలా లాగిన ప్రతిసారీ మొత్తం కరెంటు ఆ చిన్న స్విచ్ దగ్గరే తెగి, లోపల చిన్న మెరుపు వస్తుంది. అది రోజూ జరిగితే చుక్క గుంటలు పడుతుంది, చివరికి అతుక్కుంటుంది. ముందు స్టాప్ నొక్కి తర్వాత తలుపు తీయండి, పిల్లలకూ అదే నేర్పండి. తలుపు హ్యాండిల్‌కి తడి తువ్వాలు వేలాడదీయడం, తలుపు మీద గిన్నె ఆన్చడం మానండి, కొక్కేలు కిందికి జారి స్విచ్‌ను సరిగ్గా నొక్కవు.

రిపేరు చేయించేటప్పుడు పోయిన ఒక్క స్విచ్ మార్చి ఊరుకోనివ్వకండి, మూడూ మార్పించండి. ఒకటి అరిగిందంటే మిగతా రెండూ అదే వయసువి. స్విచ్‌లన్నీ పైకి ఒకేలా కనిపిస్తాయి కానీ నొక్కితే కలిసేవి వేరు, నొక్కితే విడిపోయేవి వేరు. ఒకదాని చోట ఇంకోటి పెడితే ప్లగ్ పెట్టగానే ఫ్యూజు పోవచ్చు. మార్చాక మల్టీమీటర్ (కరెంటు కొలిచే మీటరు) పెట్టి తలుపు తీసి ఒకసారి, వేసి ఒకసారి చూపించమనండి. మూడు స్విచ్‌లు, ఫ్యూజు కలిపి సామాను ఖర్చు వందల్లోనే ఉంటుంది, కూలీ దానికన్నా ఎక్కువవుతుంది. అయినా కొత్త ఓవెన్ ధరలో అది ఏ మూలకీ రాదు.

ఫ్యూజు చోట మామూలు తీగ చుట్టిన ఓవెన్లు కూడా చూస్తుంటాను. దయచేసి అది ఒప్పుకోకండి. ఫ్యూజు మీద రాసి ఉన్న ఆంపుల ఫ్యూజే పడాలి. తీగ చుట్టారని తెలిస్తే ఆ ఓవెన్ వాడటం ఆపేయండి.

లైటు ఉంది, ప్లేటు తిరుగుతోంది, కానీ వేడెక్కడం లేదు

మొదట పవర్ లెవెల్ చూడండి, డీఫ్రాస్ట్‌లో ఉండిపోయిందేమో. తర్వాత లీటరు నీళ్లు గాజు గిన్నెలో పోసి, వేడి ఎంతుందో థర్మామీటరుతో చూసి, ఫుల్ పవర్‌లో 2 నిమిషాలు పెట్టండి. కలిపి మళ్లీ చూడండి. ఎన్ని డిగ్రీలు పెరిగిందో దాన్ని 35తో గుణిస్తే సుమారుగా ఓవెన్ ఇస్తున్న వాట్లు వస్తాయి. 800 వాట్ల ఓవెన్‌లో 20 డిగ్రీలకు పైగా పెరగాలి. సాయంత్రం చేసినప్పుడు 12, 13 దగ్గర ఆగితే అదే పరీక్ష తెల్లవారుజామున మళ్లీ చేయండి. అప్పుడు బాగా వస్తే మీ ఇంటికి సాయంత్రం వోల్టేజీ చాలడం లేదు, ఓవెన్‌కి ఏ జబ్బూ లేదు.

నీళ్లు అసలు వేడెక్కకుండా, గుయ్‌మని బరువైన శబ్దం వస్తుంటే కరెంటును ఒకే దిక్కుకు పంపే డయోడ్, కెపాసిటర్, మైక్రోవేవ్ తరంగాలు పుట్టించే మాగ్నెట్రాన్ ఈ మూడింట్లో ఒకటి. డయోడ్ చవక, మాగ్నెట్రాన్ ఖరీదు. రాగానే మాగ్నెట్రాన్ పోయిందని చెప్పేవాణ్ని డయోడ్ చూశావా అని అడగండి. బిల్లు కూడా వెతకండి, చాలా కంపెనీలు ఓవెన్‌కి ఒక ఏడాది, మాగ్నెట్రాన్‌కి విడిగా ఇంకొన్నేళ్లు వారంటీ ఇస్తాయి. ఆ సంగతి మరిచిపోయి సొంత డబ్బు పెట్టుకునేవాళ్లు చాలామంది.

లోపల నిప్పురవ్వలు వస్తున్నాయి

బంగారు అంచు ప్లేటో, ఫాయిల్ ముక్కో లేదని చూసుకున్నాక, లోపల కుడిపక్క గోడకు ఉన్న అట్టలాంటి మైకా షీట్ చూడండి. దాని మీద నూనె చింది, ఒక మూల నల్లగా మాడి ఉంటే అదే కారణం. షీట్ చవకే, సైజుకి కత్తిరించి వేస్తారు. మార్చకుండా అలాగే నడిపితే మాగ్నెట్రాన్ కూడా పోతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ కాలడం, వేడి మించితే కరెంటు ఆపే థర్మల్ కటౌట్ పోవడం, బోర్డులో బొద్దింక చచ్చి షార్ట్ కావడం కూడా ఉంటాయి. అరుదు. పైవన్నీ చూశాక వాటి సంగతి.

కొత్తది ఎప్పుడు

లోపలి డబ్బాకు తుప్పు పట్టి చిల్లు పడితే కొత్తదే. పైపైన పెయింటు లేస్తే గీకి, ఓవెన్లకు వాడే పెయింటు వేయొచ్చు. చిల్లుకి మాత్రం మందు లేదు. విశాఖ, కాకినాడల్లో సముద్రం దగ్గరి ఇళ్లలో ఇది తొందరగా వస్తుంది. తలుపు వంగినా, గాజు పగిలినా, గాజు వెనక జల్లెడ చిరిగినా, అదే మోడల్ కొత్త తలుపు దొరక్కపోతే ఓవెన్ తీసేయాలి. ఇన్వర్టర్ ఓవెన్‌లో (ట్రాన్స్‌ఫార్మర్ బదులు ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచేది) బోర్డు, మాగ్నెట్రాన్ రెండూ పోతే కూడా అంతే. మిగతావాటికి రిపేరు ఖర్చు కొత్త దాని ధరలో సగం దాటుతోందా అని చూడండి. 7,000 రూపాయల ఓవెన్‌కి 4,000 పెట్టడం అనవసరం. 16,000 పెట్టి కొన్న కన్వెక్షన్ ఓవెన్‌కి మాగ్నెట్రాన్ వేయించడం తప్పు కాదు.

మార్చిన పాత భాగాలు మీకు ఇచ్చి వెళ్లమనండి. వారంటీలో ఉన్నా కంపెనీ సర్వీసువాళ్లు తిప్పుతుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. తలుపు వంగిందనో, డబ్బా చిల్లు పడిందనో తీసేసిన ఓవెన్‌ను మాత్రం "ఇంకా వేడిచేస్తోంది కదా" అని పనమ్మాయికో చుట్టాలకో ఇవ్వకండి. వైరు మొదట్లో కత్తిరించి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు అప్పగించండి.