అకౌస్టిక్ గిటారుకు పికప్ ఎలా బిగించాలి?

బంజారాహిల్స్‌లోని లామకాన్ వంటి వేదిక మీద గిటారు ముందు మైకు పెట్టి వాయిస్తే, కాస్త పక్కకు జరగగానే శబ్దం సన్నబడుతుంది. మైకు శబ్దం పెంచితే కీచుమంటుంది. అందుకే గిటారులోనే పికప్, అంటే తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం, ఉండాలి.

సౌండ్ హోల్‌లో (గిటారు మధ్యనున్న గుండ్రటి రంధ్రంలో) బిగించే అయస్కాంత పికప్ తేలిక, కానీ నైలాన్ తీగలకు పనిచేయదు. శాడిల్ (తీగలు ఆనుకునే సన్నని పట్టీ) కింద పెట్టే పియెజో పికప్ ఏ తీగలకైనా సరిపోతుంది. ఇక్కడ చెబుతున్నది దాని గురించే.

పియెజో అంటే, నొక్కితే విద్యుత్తు పుట్టే గుణం. దీన్ని 1880లో క్యూరీ సోదరులు కనుగొన్నారు. గ్యాస్ స్టవ్ లైటరు నొక్కినప్పుడు వచ్చే నిప్పురవ్వ కూడా అదే. తీగల కంపనం శాడిల్ ద్వారా పికప్‌ను నొక్కుతుంది. దాన్ని నేరుగా మిక్సర్‌కు కలిపితే మంద్రస్వరాలు పోయి రేకు డబ్బా మోత వస్తుంది. అందుకే మధ్యలో 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ప్రీఆంప్ (సంకేతాన్ని మిక్సర్‌కు తగ్గట్టు మార్చే చిన్న సర్క్యూట్) ఉంటుంది.

డ్రిల్లు బిట్లు, రీమర్ (రంధ్రాన్ని వెడల్పు చేసే పనిముట్టు), ఉప్పు కాగితం ముందే సిద్ధం చేసుకోండి. వైర్లు, కనెక్టర్ల వంటివి కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

తీగలు వదులు చేసి తీసేయండి. శాడిల్‌ను మెల్లగా పైకి లాగండి. దాని గాడి ఒక చివర, పికప్‌తో వచ్చిన కాగితంలో చెప్పిన సైజులో (సాధారణంగా 3 మిల్లీమీటర్ల దరిదాపు) రంధ్రం వేయండి. అంతకుముందు సౌండ్ హోల్‌లో చిన్న అద్దం పెట్టి, ఫోను లైటు వేసి, ఆ చోట కింద పైపలకకు ఊతంగా అంటించిన చెక్క బద్దె లేదని తప్పక చూసుకోండి. రంధ్రం కొంచెం వాలుగా ఉంటే వైరు విరగకుండా వంగుతుంది. పికప్‌ను లోపలి నుంచి పైకి తెచ్చి గాడిలో పరవండి.

అసలు పని ఇక్కడుంది. పికప్ మందం ఎంతో, శాడిల్ అడుగున అంతే అరగదీయాలి. లేకపోతే తీగలు పైకి లేచి వేళ్లు నొప్పి పెడతాయి. చదునైన గాజుపలక మీద ఉప్పు కాగితం అంటించి, శాడిల్‌ను నిటారుగా పట్టుకుని రుద్దండి. పెన్సిల్‌తో ముందే గీత గీసుకోండి, ప్రతి పది రుద్దులకు ఒకసారి చూడండి. నా మొదటి గిటారుకు తొందరపడ్డాను. అడుగు కొంచెం గుండ్రంగా అరిగింది. మధ్య తీగలు గట్టిగా, చివరి తీగలు నీరసంగా పలికాయి. కొత్త ఎముక శాడిల్ కొని మళ్లీ మొదటి నుంచి చేశాను. గాడి అడుగు కూడా చదునుగా, చెత్త లేకుండా ఉండాలి.

తర్వాత గిటారు అడుగున ఉన్న, పట్టీ తగిలించే బటన్ తీసి, చుట్టూ టేపు అంటించి, ఆ రంధ్రాన్ని రీమర్‌తో కొంచెం కొంచెంగా సుమారు 12 మిల్లీమీటర్లకు పెంచండి. జాక్‌ను (కేబుల్ గుచ్చే సాకెట్‌ను) లోపలి నుంచి బయటకు తెచ్చి నట్టు బిగించండి. బ్యాటరీ సంచిని లోపల మెడ దగ్గర అంటించండి. చాలా గిటార్లలో కేబుల్ గుచ్చగానే ప్రీఆంప్ ఆన్ అవుతుంది కాబట్టి, వాయించాక కేబుల్ తీసేయాలి.

తీగలు శ్రుతి చేసి ఒక్కొక్కటే సమాన బలంతో మీటండి. ఒకటి తగ్గితే తీగలు వదులు చేసి, ముందుగా శాడిల్ అడుగును మళ్లీ చూడండి. ప్రీఆంప్ జోలికి అప్పుడే వెళ్లకండి.