పుపుసా తినడానికి వెళ్తే

వర్జీనియా, మేరీల్యాండ్‌లలో ఉండే మనవాళ్లు ఇంటి దగ్గర మధ్య అమెరికా దేశమైన ఎల్ సాల్వడార్ వాళ్ల చిన్న హోటల్ కనిపిస్తే తప్పకుండా వెళ్లండి. అక్కడ దొరికే పుపుసా అంటే మొక్కజొన్న పిండితో పెనం మీద కాల్చే మందపాటి రొట్టె. బొబ్బట్టులాగే లోపల పూర్ణం ఉంటుంది, కాకపోతే తీపి కాదు. బియ్యప్పిండితో చేసినవీ ఉంటాయేమో అడగండి, చాలా బాగుంటాయి.

శాకాహారులైతే చీజ్, లొరోకో అనే తీగ పూల మొగ్గలు కలిపినది చెప్పండి. ‘రెవుయెల్తా’ అనే రకంలో పంది మాంసం ఉంటుంది. బీన్స్‌ని కొన్నిచోట్ల పంది కొవ్వులో వేయిస్తారు, అందుకని ‘మాంతేకా’ (పంది కొవ్వు) వేశారా అని ముందే కనుక్కోండి. అప్పటికప్పుడు చేత్తో తట్టి కాలుస్తారు కాబట్టి కాస్త ఆగాలి. ఫోర్క్ వద్దు. వేడిగా ఉండగానే చేత్తో తుంచి, కుర్తీదో అనే పుల్లటి క్యాబేజీ పచ్చడి దండిగా పెట్టుకుని తినండి.