ప్రాక్టీసులో 50 యార్డులు, మ్యాచ్‌లో 18: పంట్ ఎక్కడ చెడుతోంది?

మన పేపర్లలో పంటర్ అంటే క్రికెట్ మీద పందేలు కాసేవాడు. ఇక్కడ అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో మాత్రం మూడు డౌన్లలో (ప్రయత్నాల్లో) 10 యార్డులు రాకపోతే నాలుగో డౌన్‌కి వచ్చి, బంతిని చేతిలోంచి వదిలి, అది నేలని తాకేలోపే తన్ని అవతలి టీమ్‌ని వెనక్కి నెట్టేవాడు పంటర్. యార్డంటే మన గజమే. బంతి ఎలా పట్టుకోవాలి, రెండడుగులు ఎలా వేయాలి అన్నవి మీకు వచ్చనే అనుకుంటున్నాను. అవన్నీ వచ్చినా పంట్ ఎందుకు చెడుతోందన్నదే ఇక్కడి విషయం.

టెక్సస్‌లో ఒక చిన్న కాలేజీ టీమ్‌కి పదేళ్లుగా ఆఫీసు అయ్యాక వెళ్లి కిక్కర్లకీ పంటర్లకీ సాయం చేస్తున్నాను. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ మనవాళ్లు వాట్సాప్‌లో వీడియోలు పంపుతూనే ఉన్నారు. "అన్నా, మావాడి కాల్లో పవర్ తగ్గినట్టుంది, జిమ్‌లో ఏం చేయించమంటావ్?" అని. వీడియో తెరిస్తే అది పక్కనుంచి తీసింది, అదీ కాలి మీదకి జూమ్ చేసి. పిల్లవాడి చేయి ఫ్రేములోనే ఉండదు. పంట్ చెడేది నూటికి తొంభైసార్లు చేతి దగ్గర. ఆ చేయి లేని వీడియోతో నేనేం చెప్పను?

అన్నిటికంటే ముందు చూడాల్సింది

ఫోన్‌ని పంటర్ వెనక ఐదారు గజాల దూరంలో స్టాండు మీద పెట్టి స్లో మోషన్‌లో తీయండి. చూసేటప్పుడు కాలి సంగతి మర్చిపోండి. బంతి చేతిలోంచి బయటపడ్డ క్షణం నుంచి పాదానికి తగిలేదాకా మాత్రమే చూడండి. ఆ కాస్త దూరంలో బంతి ఎలా ఉంటే చేతిలోంచి బయలుదేరిందో అలాగే దిగాలి. ముక్కు (బంతి కోసుగా ఉన్న ముందు కొన) పైకి లేవకూడదు, పక్కకి తిరగకూడదు, కుడికాలి పంటరైతే కుడి తుంటికి ఎదురుగా ఉన్న గీత దాటకూడదు.

ఫోన్ కూడా లేదంటారా, తన్నకుండా ఉత్తినే పదిసార్లు బంతిని నేల మీదకి వదలమనండి. పొట్ట ఆనేలా పడితే నిటారుగా పైకి లేస్తుంది. ముక్కు ముందు తగిలితే ఎటో గెంతుతుంది. పదిలో నాలుగు గెంతాయంటే ఇక కాలి గురించి మాట్లాడుకోవడం అనవసరం. రెండు నిమిషాల పని ఇది. దీన్ని వదిలేసి కొత్త బూట్లు కొన్నవాళ్లని చాలామందిని చూశాను.

స్పైరల్ రాకుండా దొర్లుకుంటూ పోతోంది

బంతి తన పొడవు చుట్టూ గిరగిరా తిరుగుతూ దూసుకుపోవడమే స్పైరల్. అది రావట్లేదంటే, వదిలేటప్పుడు వేళ్లు బంతిని కాస్త నెడుతున్నాయి, లేదా మణికట్టు తిరుగుతోంది. బంతిని కిందకి విసరకూడదు, దాని కిందనుంచి చేయి తప్పుకోవాలి, అంతే. టీ కప్పు పెట్టిన పళ్లేన్ని ఎవరో లాగేస్తే కప్పు ఉన్నచోటే కిందకి జారినట్టు. రోజుకి యాభైసార్లు ఉత్తి డ్రాపులు (తన్నకుండా బంతి వదలడం), వారం. ఇంకేం చేయక్కర్లేదు.

దొర్లడమే తప్పని అనుకోకండి. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన కుర్రాళ్లు కావాలనే బంతిని ముక్కు కిందకి పెట్టి వదిలి వెనక్కి తిరిగేలా తంతారు. గోల్‌లైన్ దగ్గర అలా పడ్డ బంతి ముందుకి దూసుకుపోకుండా ఆగుతుంది. వాళ్ల ఊళ్లో చిన్నప్పటి నుంచీ ఆడే ఆటలో తన్నే తీరే అది. మీవాడికి ముందు మామూలు పంట్ కుదిరాక దాని సంగతి చూడొచ్చు.

దూరం వస్తోంది, అయినా కోచ్ తిడుతున్నాడు

బంతి బాణంలా నేలబారుగా పోతోందన్నమాట. డ్రాప్ ఒంటికి మరీ దూరంగా పడి, పాదం కిందున్నప్పుడే తగులుతోంది. ఇంకొంచెం దగ్గరగా వదిలితే పాదం పైకి లేస్తున్నప్పుడు తగిలి ఎత్తు వస్తుంది.

ఎత్తు ఎందుకంటే, బంతి వెనక పరిగెత్తే మన గన్నర్ 40 యార్డులు దాటడానికి దాదాపు నాలుగున్నర సెకన్లు పడుతుంది. కాబట్టి 45 యార్డుల పంట్ గాల్లో నాలుగున్నర సెకన్లు ఉంటే, పట్టుకునేవాడి చేతికి బంతి, మీదకి మనవాడు ఒకేసారి చేరతారు. 55 యార్డులు కొట్టి 3.8 సెకన్లకే దించేశారనుకోండి, వాడు తీరిగ్గా పట్టుకుని 20 యార్డులు వెనక్కి తెచ్చేస్తాడు. మిగిలింది 35. స్టాండ్స్‌లో చప్పట్లు కొట్టేవాళ్లకి 55 కనిపిస్తుంది, కోచ్‌కి 35 కనిపిస్తుంది.

అయోవా యూనివర్సిటీ పంటర్ టోరీ టేలర్ 2023లో 93 పంట్లకి 4,479 యార్డులు కొట్టి, 1938 నుంచి ఉన్న సీజన్ మొత్తం యార్డుల రికార్డుని దాటేశాడు. సగటు 48 పైచిలుకు. ఆ ఏడాది ఉత్తమ కాలేజీ పంటర్‌కిచ్చే రే గై అవార్డూ అతనిదే. ఆ ఆటల వీడియోలు దొరికితే బంతి ఎంత దూరం పోయిందో చూడకండి, అది దిగేటప్పటికి అయోవా వాళ్లు ఎక్కడున్నారో చూడండి.

ప్రాక్టీసులో అద్భుతం, మ్యాచ్‌లో షాంక్

నా చేత మూడు వారాలు నీళ్లు తాగించింది ఇదే.

కుర్రాడు మంచి పొడగరి. ఒంటరిగా మైదానంలో నిలబడితే వరసగా పది బంతులు 50 యార్డులకి తక్కువ కాకుండా వేసేవాడు. శనివారం మ్యాచ్‌లో ఐదు పంట్లలో రెండు పాదం బయటి అంచుకి తగిలి కుడివైపు గీత దాటి బయటపడేవి. షాంక్ అంటే ఇదే. ఒకటైతే 18 యార్డులే. హెడ్ కోచ్ టెన్షన్ అన్నాడు. వాళ్ల నాన్న టెన్షన్ అన్నాడు. నేనూ అదే అన్నాను, సిగ్గు లేకుండా. డ్రాప్ చెక్ చేశాను, బాగానే ఉంది. అడుగులు మార్చాను, ఊపిరి పీల్చుకుని వదలమన్నాను, ఒక వారం చేయి పట్టు కూడా మార్పించాను. దాంతో అప్పటిదాకా బాగున్న ప్రాక్టీసు పంట్లు కూడా పాడయ్యాయి.

మూడో శనివారం రాత్రి మ్యాచ్ వీడియో పెట్టుకుని కూర్చున్నాను. ఎప్పుడూ బంతి పంటర్ చేతికి వచ్చాక మొదలుపెట్టి చూసేవాణ్ని. ఆరోజు బద్ధకించి ముందుకి జరపలేదు, స్నాప్ నుంచే, అంటే ముందు వంగి నిలబడ్డ స్నాపర్ కాళ్ల మధ్యనుంచి బంతిని వెనక్కి పంటర్‌కి విసిరే దగ్గర్నుంచే నడిచింది. షాంక్ అయిన రెండు పంట్లకీ బంతి అతని ఎడమ మోకాలి దగ్గరకి వచ్చింది. బాగున్న మూడింటికీ రొమ్ముకి కుడిపక్కన వచ్చింది.

అంతే. పంటర్‌కి ఏ రోగమూ లేదు.

లోపల జరిగేది ఇది. స్నాపర్ దగ్గర్నుంచి పంటర్ దాకా దాదాపు 15 యార్డులు. మంచి కాలేజీ స్నాప్ ముప్పావు సెకనులో వచ్చేస్తుంది. పట్టుకున్నాక తన్నడానికి ఇంకో 1.3 సెకన్లు. మొత్తం రెండు సెకన్ల వ్యవహారం. బంతి ఎడమవైపు వస్తే కుర్రాడు కాళ్లు కదపకుండా చేతులు చాచి అందుకుంటాడు. ఒళ్లు ఎడమకి వాలుతుంది, మొదటి అడుగు కూడా అటే పడుతుంది. మీదకి వచ్చేవాళ్లు కనిపిస్తుంటారు కాబట్టి బంతిని గబగబా కుడి తుంటి ముందుకి లాక్కొస్తాడు. చేయి కుడికి, ఒళ్లు ఎడమకి పోతున్న ఆ క్షణంలోనే వదులుతాడు. బంతి తుంటి గీత దాటి బయటికి పడుతుంది, పాదం అంచుకి తగులుతుంది. డ్రాప్ ఒక్కటే చూస్తే డ్రాప్ తప్పులాగే ఉంటుంది. మర్నాడు ఒంటరిగా వదలమంటే చక్కగా వదులుతాడు. ఎందుకు వదలడు? తన బంతిని తనే ఎగరేసుకుని పట్టుకుంటున్నాడు కదా, అది ప్రతిసారీ సరిగ్గా కావలసిన చోటికే వస్తుంది.

స్నాప్ అంటే నాకిప్పుడు 2015 అక్టోబరు 17 గుర్తొస్తుంది. మిషిగన్, మిషిగన్ స్టేట్ యూనివర్సిటీల మ్యాచ్. మిషిగన్ పంటర్ బ్లేక్ ఓనీల్, ఇతనూ ఆస్ట్రేలియా వాడే, ఆరోజు ఒక పంట్ 80 యార్డులు కొట్టాడు. చివరి 10 సెకన్లలో మిషిగన్ 23–21తో గెలుస్తోంది. ఆఖరి పంట్‌కి స్నాప్ కిందుగా వచ్చింది, చేతిలో నిలవలేదు. ఆ బంతి అందుకుని మిషిగన్ స్టేట్ వాళ్లు 38 యార్డులు పరిగెత్తి 27–23తో గెలిచారు. 80 కొట్టిన కాలు, ఈ చివరి పంట్‌కి వచ్చిన కాలు ఒకటే కదా.

ఇక మందు. ముందు పంటర్‌ని పక్కన కూర్చోబెట్టి స్నాపర్ చేత ఇరవై స్నాపులు వేయించండి. కాగితం మీద చిన్న పెట్టె గీసుకుని ప్రతి బంతీ ఎక్కడ వచ్చిందో చుక్క పెట్టండి. పక్కన టైము రాయండి. పెట్టె కుడి తుంటి నుంచి రొమ్ము దాకా. తర్వాత ఇంకో ఇరవై, ఈసారి స్నాపర్ ఎదురుగా ఒకణ్ని నిలబెట్టి, మీదకి దూకుతున్నట్టు నటించమనండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టండి. మావాడి విషయంలో మొదటి కాగితం ముచ్చటగా ఉంది, రెండోదాంట్లో చుక్కలన్నీ ఎడమకి జారాయి. స్నాపర్ కుర్రాడు బ్లాక్ చేయడానికి అడుగు వేయాలన్న తొందరలో బంతి చేతిలో ఉండగానే నడుము పక్కకి తిప్పేస్తున్నాడు.

అతన్ని కూర్చోబెట్టి ఒక్క రూలు చెప్పాను. కాలేజీ ఆటలో ఇలా తన్నడానికి నిలబడ్డ ఫార్మేషన్‌లో స్నాప్ అయిన ఒక సెకను దాకా స్నాపర్‌ని ఎవరూ ముందుగా ముట్టుకోకూడదు. నీ బంతి ముప్పావు సెకనులో చేరిపోతుంది, అంటే నిన్ను ఎవరైనా తాకేసరికి నీ పని అయిపోయి ఉంటుంది, తొందరెందుకు బాబూ అన్నాను. "అవునా కోచ్?" అన్నాడు. రెండేళ్లుగా ఆడుతున్నాడు, ఎవరూ చెప్పలేదట.

పంటర్‌కి నేర్పాల్సింది కూడా ఉంది. స్నాప్ ఎప్పుడూ సరిగ్గా రాదు, వాన రోజు అసలే రాదు. కాబట్టి చేతులు చాచడం కాదు, బంతి ఎటొస్తే కాళ్లు అటు జరగాలి. పట్టుకునేసరికి బంతి మళ్లీ కుడి తుంటి ముందే ఉండాలి. దీనికి స్నాపర్ అక్కర్లేదు. మీరే పది గజాల నుంచి కావాలని ఎడమకి, కిందకి, తలపైకి విసరండి. వారం రోజులు ఈ చెత్త బంతుల మీదే తన్నించండి. ముందు రోజుల్లో పంట్లు ఘోరంగా ఉంటాయి, పట్టించుకోకండి. ఇంకొకటి, పంటర్ ఒక మూల, స్నాపర్ ఇంకో మూల విడివిడిగా ప్రాక్టీసు చేసే పద్ధతి మాన్పించండి. చాలా కాలేజీల్లో ఇద్దరూ కలిసేది వారానికి పావుగంటే.

మిగిలినవి

బంతిలో గాలి: 12.5 నుంచి 13.5 పీఎస్ఐ ఉండాలి, గేజి పెట్టి చూడండి, అయిపోతుంది. బూట్లు: కాదు. ఎదురుగాలి: గోల్‌పోస్టుల పైన రిబ్బన్లు కట్టి ఉంటాయి, పంటర్ చూసుకుంటాడు. కాలి బలం: స్క్వాట్లు మంచివే, షాంక్‌కి మాత్రం మందు కాదు. పంట్ బ్లాక్ అవుతోందంటే స్టాప్‌వాచ్ పెట్టండి, స్నాప్ నుంచి తన్నేదాకా 2.1 సెకన్లు దాటుతుంటే తప్పు మీది, లోపలే ఉంటే పంటర్‌కి ముందు అడ్డుగోడలా నిలబడే షీల్డ్ వాళ్లది. ఫీల్డ్ గోల్ (గోల్‌పోస్టుల మధ్యకి తన్నే కిక్) పక్కకి పోతోందని అడిగేవాళ్లూ ఉన్నారు. అక్కడా కిక్కర్‌ని వదిలేసి ముందు బంతి నిలబెట్టేవాడి వేళ్లు చూడండి.

ఎడమకాలి పంటరైతే పైన కుడి అన్నచోటల్లా ఎడమ అని చదువుకోండి. వాళ్ల బంతి గాల్లో తిరిగే దిశ కూడా మారుతుంది, పట్టుకునేవాడికి ప్రాణం మీదకొస్తుంది. దానికి పరిష్కారం అవతలి కోచ్ రాసుకుంటాడు.