పంచె తెరమీద గురి: బాంబర్ గన్నర్ల శిక్షణా యంత్రానికి బడిలో నమూనా

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బాంబర్ విమానపు గన్నర్, అంటే బాంబులు వేసే విమానంలో కూర్చొని శత్రు విమానాల మీద తుపాకి పేల్చేవాడు, గాలిలోకి లేవకముందే నేలమీద గురి ఎలా నేర్చుకున్నాడో చూపించే నమూనాను హనుమకొండలోని మా బడిలో వైజ్ఞానిక ప్రదర్శన కోసం తయారు చేశాము. దానికి కావలసినవి ఒక పల్చని తెల్ల పంచె, నాలుగు కంక బొంగులు, ఒక టార్చిలైటు, ఒక ఫోను, ఒక చేతి గంట. ఈ విషయం మన నేలకు అంత దూరమైనదేమీ కాదు. అప్పట్లో వరంగల్‌ను కూడా ఏలిన ఏడో నిజాం 1918లో ఇచ్చిన డబ్బుతో బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు (విమానాల దళానికి) బాంబర్లు సమకూరాయి, దాని పేరులో హైదరాబాద్ చేరింది. 1939 సెప్టెంబరు 4న జర్మనీ యుద్ధనౌకల మీద దాడికి వెళ్ళిన బ్లెన్‌హైమ్ బాంబర్లలో ఆ స్క్వాడ్రన్‌వి కూడా ఉన్నాయి.

పని మొదలుపెట్టే ముందు గన్నర్ చిక్కు ఏమిటో పిల్లలకు లెక్క వేసి చూపించాలి, అది తెలియకపోతే మనం చేసేది ఆటవస్తువుగానే మిగిలిపోతుంది. శత్రు విమానం 300 మీటర్ల దూరంలో, సెకనుకు 100 మీటర్ల వేగంతో అడ్డంగా పోతోందనుకుందాం. తూటా సగటు వేగం సెకనుకు 800 మీటర్లు అనుకుంటే, అది అక్కడికి చేరడానికి 0.375 సెకను పడుతుంది, ఆలోపు విమానం 37 మీటర్లకు పైగా ముందుకు జరిగిపోతుంది. జర్మనీ యుద్ధవిమానం మెస్సర్‌ష్మిట్ 109 పొడవు దాదాపు 9 మీటర్లు కాబట్టి, విమానం కంటే నాలుగు విమానాల పొడవు ముందున్న ఖాళీ ఆకాశాన్ని గురి చూడాలి.

అమెరికా గన్నరీ బడుల్లో ఈ అలవాటు కోసం మొదట షాట్‌గన్‌తో ఎగిరే మట్టి పళ్ళేలను కొట్టించేవారు, ఆ తర్వాత నడుస్తున్న ట్రక్కు మీద నిలబెట్టి అదే పని చేయించేవారు. ఫ్రెడ్ వాలర్ రూపొందించిన శిక్షణా యంత్రంలో ఐదు ప్రొజెక్టర్లు గోళాకారపు తెరమీద విమానాల దాడిని చూపించేవి, గురి సరిగ్గా ఉన్నప్పుడు గన్నర్ చెవిలో శబ్దం వినిపించేది. ఈ ఆలోచనే 1952లో మూడు ప్రొజెక్టర్లతో వెడల్పాటి వంపు తెరమీద సినిమా చూపించే సినెరామాగా హాలుకు చేరింది. అంత పెద్ద తెరకంటే ఆ చిన్న శబ్దమే గొప్పదని నా అభిప్రాయం. తగిలిందో లేదో ఆ క్షణంలోనే తెలియకపోతే ఎన్నిసార్లు కాల్చినా చెయ్యి దిద్దుకోదు. అందుకే మా నమూనాలో గంటను విడిచిపెట్టలేదు.

రెండు మీటర్ల వెడల్పు, మీటరున్నర ఎత్తు ఉండేలా బొంగులను చట్రంగా కట్టి, పంచెను ఒకే పొరగా, ముడతలు లేకుండా లాగి బిగించాలి. గదిని చీకటి చేసి, తెర వెనక రెండు మీటర్ల దూరంలో ఫోను లైటును తెరవైపు నిలబెట్టి, దానికి నీలిరంగు జిలెటిన్ కాగితం అతికించాలి. 9 సెంటీమీటర్ల పొడవున్న విమానాన్ని పక్కనుంచి కనిపించే ఆకారంలో అట్టతో కత్తిరించి, సన్నని వెదురు బద్దకు గుచ్చి, తోలుబొమ్మను ఆడించినట్టు తెరకు ఆనించి నడపాలి. గన్నర్ తెరకు ఇవతల మూడు మీటర్ల దూరంలో కూర్చుంటాడు కాబట్టి కొలతలన్నీ నూటికి ఒక వంతుగా కుదురుతాయి, అట్ట విమానం రెండు సెకన్లలో తెర దాటితే వేగం కూడా సరిపోతుంది.

టార్చికి నల్ల చార్టుతో 30 సెంటీమీటర్ల గొట్టం చుట్టి, పైన తీగతో చేసిన గురి వలయం పెట్టి, అటూ ఇటూ తిరిగే స్టాండుకు కట్టాలి. టార్చి ఎప్పుడూ వెలుగుతూ ఉండకూడదు. గన్నర్ వలయంలోంచి చూసి, కాల్చదలచిన క్షణంలోనే మీట నొక్కాలి. లేజర్ పాయింటర్‌ను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వాడవద్దు, ఎందుకంటే తెర వెనక మరో పిల్లవాడు కూర్చుంటాడు, ఆ కిరణం పల్చని బట్టను దాటి అతని కంట్లో పడవచ్చు.

ఆ పిల్లవాడే లెక్క చూసేవాడు. కింది బొంగుకు వెనకవైపు 9 సెంటీమీటర్లకు ఒక గుర్తు పెడితే, వెలుగు మచ్చ విమానానికి ఎన్ని గుర్తుల ముందు పడిందో అతనికి తెలుస్తుంది. నాలుగో గుర్తు దగ్గర పడితే గంట కొడతాడు, లేకపోతే “వెనకబడింది” అనో “ముందుకు పోయింది” అనో చెబుతాడు.

రెండో పాఠాన్ని మరో రోజుకు ఉంచడం మంచిది, ఎందుకంటే అది మొదటిదానికి విరుద్ధంగా తోస్తుంది. బాంబర్ కూడా పరుగెత్తుతూనే ఉంటుంది, దాని వేగం తూటాకూ అంటుకుంటుంది. అందువల్ల బాంబర్ మీదికి వంపు తిరుగుతూ వచ్చే విమానాన్ని కొట్టాలంటే, ఆ విమానానికీ తన బాంబర్ తోకకూ మధ్యన గురి పెట్టాలి. చట్రానికి రెండు కొసలా “ముక్కు”, “తోక” అని రాసి, ఎదురుగా కనిపించే ఆకారంలో కత్తిరించిన అట్టను తెరనుంచి ఫోను లైటువైపు జరిపితే నీడ పెరిగి విమానం మీదికి వస్తున్నట్టే ఉంటుంది. నీడ నడుమ ఉన్నప్పుడు తోకవైపు మూడు గుర్తులు వదలాలి, అది ముక్కుకో తోకకో దగ్గరయ్యే కొద్దీ ఆ ఎడం తగ్గిపోవాలి. ప్రతి పది కాల్పులకు ఒకసారి గన్నర్‌నూ లెక్క చూసేవాడినీ మార్చండి. మా బడిలో తెర వెనక కూర్చొని ఇతరుల తప్పులు చూసిన పిల్లలే ఈ రెండో పాఠాన్ని త్వరగా పట్టుకున్నారు.