అమెరికాలో కారు ఇన్సూరెన్స్: లయబిలిటీ ఎంతకు తీసుకోవాలి?

ఇండియాలో థర్డ్ పార్టీ పాలసీ ఉంటే అవతలి మనిషి ప్రాణానికీ గాయాలకూ పరిమితి లేదు. ట్రిబ్యునల్ తేల్చినంత కంపెనీ కట్టాల్సిందే. ఆస్తి నష్టానికి మాత్రం 7.5 లక్షల హద్దు. ఆ అలవాటుతో అమెరికా వచ్చినవాళ్లు అన్నిటికన్నా చవకైన పాలసీ తీసేసుకుంటారు. ఇక్కడ లయబిలిటీకి, అంటే మీ తప్పు వల్ల అవతలివాళ్లకు జరిగిన నష్టానికి కంపెనీ కట్టేదానికి, హద్దు ఎంతో ఎంచుకునేది మీరే, అది దాటిందంతా మీ నెత్తిన పడుతుంది.

టెక్సస్‌లో చట్టం అడిగే కనీసం 30/60/25. అంటే ఒక్కొక్కరి గాయాలకు 30 వేల డాలర్లు, ప్రమాదం మొత్తంలో గాయాలకు 60 వేలు, అవతలివాళ్ల ఆస్తికి 25 వేలు. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి 30/60/15. అంతకుముందు 15/30/5 ఉండేది.

చాలామంది మధ్య అంకె చూసి ధైర్యంగా ఉంటారు. అసలు దెబ్బ మొదటి అంకె దగ్గరే. మీరు గుద్దిన కారులో ఇద్దరున్నారు, ఒకరి నష్టం 90 వేలు, ఇంకొకరిది 10 వేలు అనుకోండి. 60 వేలు వస్తాయనుకుంటే పొరపాటు. కంపెనీ ఇచ్చేది 30, 10 కలిపి 40 వేలే. మిగతా 60 వేలకు మీ మీద దావా వేయొచ్చు. మూడో అంకెదీ ఇదే కథ. సిగ్నల్ దగ్గర ఒక కొత్త ఎస్‌యూవీని గుద్దితే అది ముందున్న కారుకు తగిలిందంటే 25 వేలు ఏ మూలకూ చాలవు. విరిగిన కరెంటు స్తంభం ఖర్చూ ఇందులోంచే పోవాలి.

ఎంత కావాలో తేల్చడానికి ఇంటి విలువలోంచి అప్పు తీసేయండి, దానికి బ్యాంకు నిల్వ, షేర్లు కలపండి. మీరు కాపాడుకోవాల్సింది ఆ మొత్తాన్నే. ఉద్యోగం ద్వారా రిటైర్మెంట్ కోసం దాచే 401(కె) డబ్బుకు సాధారణంగా ఫెడరల్ చట్టం రక్షణ ఉంది కాబట్టి అది వదిలేయొచ్చు. 'నాకు ఆస్తే లేదు' అనేవాళ్లు జీతం సంగతి మరిచిపోతారు: కోర్టు తీర్పు వస్తే ఫెడరల్ చట్టం ప్రకారం చేతికొచ్చే జీతంలో పావు వంతు దాకా పట్టుకోవచ్చు. టెక్సస్ లాంటి కొన్ని రాష్ట్రాలు ఇలాంటి అప్పులకు దాన్ని ఒప్పుకోవు.

మా లెక్కలో ఇల్లు లేనివాళ్లకైనా 100/300/100 కంటే తగ్గకూడదు. ఇల్లు, పొదుపు ఉంటే 250/500/100, దాని మీద పది లక్షల డాలర్ల అంబ్రెల్లా పాలసీ, అంటే కారు పాలసీ హద్దు దాటాక కట్టే అదనపు పాలసీ. అంబ్రెల్లా ఇచ్చే కంపెనీలు కింద కారు పాలసీ ఇంత ఉండాలని షరతు పెడతాయి. తర్వాత ప్రీమియం కోసం కింది అంకె తగ్గించారా, ఆ మధ్య ఖాళీ మీరే కట్టుకోవాలి.

ఒకే రోజు చట్టం అడిగే కనీసం, 100/300/100, 250/500/100 మూడింటికీ కోట్ అడగండి. హద్దు రెట్టింపైతే ప్రీమియం రెట్టింపు కాదు. భారమనిపిస్తే కొలిజన్ డిడక్టిబుల్, అంటే మీ కారు రిపేరులో ముందు మీరు పెట్టుకునే వాటా, 500 డాలర్ల నుంచి వెయ్యికి పెంచండి, లయబిలిటీ మాత్రం కోయకండి.

మిమ్మల్ని గుద్దినవాడి దగ్గర 30/60 మాత్రమే ఉంటే? అందుకే అన్‌ఇన్సూర్డ్, అండర్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజీ (గుద్దినవాడికి ఇన్సూరెన్స్ లేకపోయినా, చాలకపోయినా మీ కంపెనీ కట్టేది) కూడా లయబిలిటీకి సమానంగా పెట్టించండి. టెక్సస్‌లో ఇది వద్దంటే రాతపూర్వకంగా చెప్పాలి. ఆన్‌లైన్‌లో గబగబా సంతకం చేసేటప్పుడు చాలామంది తెలియకుండానే వద్దనేస్తారు.

లైసెన్స్ వచ్చిన పిల్లలు, ఆరు నెలలు ఉండడానికి వచ్చి కారు నడిపే అమ్మానాన్నల సంగతి ఏజెంటుకు ముందే చెప్పండి. ఫుడ్ డెలివరీకి మామూలు పాలసీ సాధారణంగా పనికిరాదు. మార్పు చేయించాక పాలసీ వివరాలుండే కొత్త డిక్లరేషన్స్ పేజీ తెప్పించుకుని, మూడు అంకెలూ, అమల్లోకి వచ్చే తేదీ సరిచూసుకోండి.